బీరువా పక్క సందు

జనవరి 9

మామయ్యకు,

ఈ చేతిరాత మీకు కొత్త. నేను మీ అక్క కూతుర్ని. చిన్నప్పుడు మీ వడ్రంగి షాపులో రంపపు పొట్టు గుప్పిళ్లతో తీసి నెత్తిన పోసుకుని, మీచేత గడుగ్గాయ్ అని తిట్లు తిన్నదాన్ని. ఇప్పుడు నాకు ఇరవైనాలుగేళ్లు. ఒక బైండింగు షాపులో పుస్తకాలు కుట్టి, అట్టలు వేస్తుంటాను. ఒంటికి జిగురు తప్ప ఇంకేమీ అంటని ఉద్యోగం.

మీకూ అమ్మకీ పదకొండేళ్లుగా మాటల్లేవని నాకు తెలుసు. అందులో వేలు పెట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నాకు ఒక పెట్టె కావాలి, అంతే. పాత సామాన్ల కొట్లో పాడైపోయిన పెద్ద రేడియో ఒకటి కనిపిస్తే, దాని స్పీకరు ఊడదీయించి తెచ్చుకున్నాను. ఎనిమిదంగుళాలది. దాని గరాటులాంటి కాగితం చిరిగిపోయి ఉంటే మెకానిక్కి ఇచ్చాను. ఎప్పుడిస్తావంటే రేపు అంటాడు. మూడు వారాలుగా అదే రేపు. ఈలోగా దానికి చెక్కపెట్టె తయారు చేసుకోవాలి. తయారుగా ఉన్నది కొందామని ఒక దుకాణానికి వెళ్లాను. ధర విన్నాక వాళ్లిచ్చిన మంచినీళ్లు కూడా తాగకుండా వచ్చేశాను.

నా దగ్గర చేతిరంపం, సుత్తి, నాన్న స్క్రూడ్రైవరు, టేపు ఉన్నాయి. పని అయ్యాక షాపు వెనక గదిలో చేసుకోమని మా ఓనరు ఒప్పుకున్నాడు. పలకల కొలతలు, ఏది ముందు కొయ్యాలి, ఏది తర్వాత అతికించాలి, ఇవి రాస్తే చాలు. ఫోను చేద్దామంటే, రంపాల మోతలో మీ చెవులు ఎప్పుడో పోయాయనీ, ఏం చెప్పినా ‘సరే’ అంటారనీ విన్నాను. ఇది సరే అనిపించుకుని వదిలేసే పని కాదు.

జవాబు పైన రాసిన షాపు అడ్రసుకే రాయండి. ఇంటికి వద్దు.

ఇట్లు,
పొట్టు నెత్తిన పోసుకున్న మీ మేనకోడలు

జనవరి 17

గడుగ్గాయ్,

నా చెవుల సంగతి ఊరంతా చెప్పుకుంటున్నారన్నమాట. సంతోషం. కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమది సగం ఉంది. ఆ సగాన్ని మీ అత్తయ్య వాడేసుకుంటోంది.

పాటలు పెట్టుకుని చిందులేయడానికే అనుకుంటాను ఈ పెట్టె. నీ వయసు వాళ్లకి మోత లేకపోతే అన్నం అరగదు. నా గతి చూసైనా కాస్త తగ్గించి పెట్టుకో.

మా నాన్న, అంటే మీ తాతయ్య, షాపు నోటుబుక్కు తీసి అంకెలు దించుతున్నాను. ఈ అంకెలతో మైకు సెట్లవాళ్లకి నలభై పెట్టెలు చేశాం. ఒక్కటి తేడా రాలేదు. పక్క పలకలు రెండు, ఒక్కొక్కటి అరవైకి ముప్ఫై ఎనిమిది. పైపలక, అడుగుపలక, ముప్ఫై ఆరు పాయింటు నాలుగుకి ముప్ఫై ఎనిమిది. ముందుపలక, వెనకపలక, అరవైకి నలభై. ముందుపలకలో గుండ్రటి బెజ్జం, అడ్డంగా ఇరవై ఎనిమిదిన్నర. అన్నీ సెంటీమీటర్లే. ప్లైవుడ్డు పద్దెనిమిది మిల్లీమీటర్ల మందానిది తీసుకో. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ముక్క చాలు, ఇంకా కొంచెం మిగులుతుంది కూడా.

రంపాన్ని నెట్టకు, లాగు. గీత మీద కొయ్యకు, గీత పక్కన కొయ్యి. బెజ్జానికి సన్నబద్ద ముక్క తీసుకుని ఒక కొనకి మేకు, రెండో కొనకి పెన్సిలు పెట్టి తిప్పు. దారంతో గీస్తే సాగుతుంది.

ఒక్కటి గుర్తు పెట్టుకో. చెప్పింది చెప్పినట్టు చెయ్యి. సొంత తెలివి వద్దు. నేను ఎవరి పనికైనా స్వయంగా వాళ్లింటికి వెళ్లి, నా స్కేలుతో నేనే కొలుచుకుంటాను. పరాయివాళ్లు చెప్పిన కొలతలతో రంపం పట్టను. జీవితంలో ఒక్కసారి మాత్రం మా షాపులో పెరిగిన మనిషే కదా అని, ఉత్తరంలో వచ్చిన కొలతలు నమ్మాను. దాని ఫలితం మీ ఇంట్లో నిలబడే ఉంది.

నేను రాసినట్టు మీ అమ్మకి తెలియకూడదు.

మామయ్య

జనవరి 30

మామయ్యకు,

మీ ఉత్తరం అందింది. నేను చిందులేయను. దాని గురించి తర్వాత.

మొదలుపెట్టాను. రంపాన్ని లాగమన్నారు, లాగాను. మొదటి పలకకి రెండు సాయంత్రాలు పట్టింది. రెండు అరచేతులూ బొబ్బలెక్కాయి. పొద్దున పుస్తకం కుట్టే సూది పట్టుకుంటే ప్రాణం పోయినంత పనవుతోంది. మా ఓనరు రోజూ వచ్చి, ‘రంపం అటు పోతోందమ్మా’ అని చెప్పి వెళ్తాడు. అటు పోతోందని నాకూ కనిపిస్తోంది. ఇటు ఎలా తిప్పాలో చెప్పడు.

అసలు సంగతి ఇది. మీరు చెప్పిన ముక్క చాలలేదు. నాలుగడుగులకి మూడడుగులది సరిగ్గా కొలిచి తెచ్చాను. ముందుది, వెనకది, పక్కవి రెండు కోసేసరికి అంతా అయిపోయింది. పైపలకకీ అడుగుపలకకీ చెక్క లేదు. మిగులుతుందని రాశారు కదా, ఏది మిగిలింది? జాన వెడల్పు కూడా లేని బద్దలు మిగిలాయి. మళ్లీ టింబరు డిపోకి వెళ్లాను. అక్కడ కాటా దగ్గర కూర్చునే పెద్దాయన, ‘ఎవరమ్మా నీకు లెక్క చెప్పింది’ అని నవ్వాడు. మా మామయ్య, నలభై ఏళ్ల అనుభవం అని చెప్పాను. ఇంకా ఎక్కువ నవ్వాడు.

బెజ్జం గురించి కూడా ఒక అనుమానం వచ్చింది. గీసి చూస్తే అన్నం కంచం అంత ఉంది. స్పీకరు నాకు గుర్తున్నంతవరకు అంత పెద్దది కాదు. మెకానిక్కి ఇచ్చి నెల దాటింది కాబట్టి గుర్తు తప్పానేమోననుకున్నాను. సొంత తెలివి వద్దన్నారు కాబట్టి చెప్పినట్టే కోశాను.

మీ ఉత్తరం పోయింది. ఇంటికి తెచ్చుకుని చదువుతుంటే అమ్మ గదిలోకి వచ్చింది. గబుక్కున ఉత్తరాన్ని బీరువా పక్కకి తోశాను. అది మీరు చేసిన బీరువాయే. దానికీ గోడకీ మధ్య సందులో పడింది. ఆ సందు సంగతి మీకు తెలియదు. నా చిన్నప్పటి రబ్బరు బంతి, నాన్న గొడుగు, రెండు దువ్వెనలు, ఒక పరీక్షలో వచ్చిన మార్కుల కాగితం, అన్నీ అందులోనే ఉన్నాయి. మార్కుల కాగితం నేను కావాలనే వేశాను. అంకెలన్నీ ముందే పలక మీద రాసుకున్నాను కాబట్టి పని ఆగలేదు.

అతికించడం ఎలాగో రాయండి. జిగురు విషయంలో మాత్రం నాకు పాఠాలు అక్కర్లేదు.

మీ గడుగ్గాయి

ఫిబ్రవరి 7

గడుగ్గాయ్,

ముక్క చాలకపోవడం అనేది జరగదు. నలభై పెట్టెలు అదే ముక్కలోంచి తీశాం. నువ్వు అడ్డదిడ్డంగా పరిచి కోసి ఉంటావు. చెక్కని వృథా చేసి, చివరికి వడ్రంగి లెక్క తప్పన్నావు. ఇది ఎక్కడ నేర్చుకున్నావో నాకు తెలుసు. డిపోలో నవ్వినవాడికి చెప్పు, నేను వస్తే వాడి కాటా కూడా సరిచేసి వెళ్తానని.

సందు సంగతి నాకు తెలియదన్నావు. నాకు తెలియక ఇంకెవరికి తెలుస్తుందమ్మా? మీరు కొత్త ఇంట్లో దిగిన రోజు ఆ బీరువా లారీలో వేసుకుని తొమ్మిది గంటలు దాని పక్కనే కూర్చుని వచ్చాను. మూడుసార్లు పాలిష్ పట్టాను. మీ ఇంటి గోడ గూట్లో పెట్టేసరికి పక్కన ఖాళీ, పైన ఖాళీ, లోపలికి తోస్తే వెనక ఖాళీ. మీ అమ్మ రాసిన కొలతలు, మీ అమ్మ చేతిరాత. ఇరవై మంది చుట్టాల ముందు, ‘అక్కకి చేసేటప్పుడు కూడా చెక్క మిగుల్చుకున్నావా’ అంది. చేతిలో కాఫీ గ్లాసు ఉంది. అక్కడే పెట్టేసి వచ్చాను. మీ నాన్న పేపర్లోంచి తల ఎత్తి, మళ్లీ దించుకున్నాడు.

నాన్న షాపులో నాకంటే ముందు ఉలి పట్టింది మీ అమ్మే. పన్నెండేళ్లకే స్పీకరు బెజ్జాలు కోసేది. నా చేతి మీద దెబ్బ తగలకుండా రంపం పట్టడం నేర్పింది కూడా అదే. అటువంటి మనిషి ఆ మాట అంది. వేరే ఎవరైనా అని ఉంటే ఇన్నేళ్లు గుర్తుండేది కాదు.

పక్కపలకల మధ్య పైదీ అడుగుదీ పెట్టి అతికించు. మూలమట్టంతో నాలుగు మూలలూ చూసుకో. ఒక రాత్రి బరువు పెట్టి వదిలెయ్యి. ముందుపలక తర్వాత, వెనకది అన్నిటికంటే ఆఖర్న, స్క్రూలతో.

మామయ్య

ఫిబ్రవరి 20

మామయ్యకు,

మీరు ఈ ఉత్తరం కూర్చుని చదవండి.

పెట్టె అతికింది. బైండింగుకి వచ్చిన డిక్షనరీలు పదహారు దాని మీద బరువు పెట్టాను. నాలుగు మూలలూ మట్టంగా వచ్చాయి. నాకు నేనే నమ్మలేకపోయాను. ఆదివారం రిక్షాలో వేసుకుని ఇంటికి తెచ్చాను. బల్ల మీద పెడితే కింద బల్ల ఉందన్న సంగతే తెలియడం లేదు. అమ్మ చూసి బట్టల పెట్టా అని అడిగింది. షాపులో వాళ్లు చేసిచ్చారని చెప్పాను. నాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి వెళ్లి కూర్చున్నాడు.

నిన్న మెకానిక్ స్పీకరు ఇచ్చాడు. ఇంటికి పరిగెత్తుకుని వచ్చి, నాలుగు స్క్రూలు నోట్లో పెట్టుకుని, స్పీకర్ని బెజ్జం దగ్గర పెట్టాను. లోపలికి పడిపోయింది. దబ్బుమని. అంచు ఎక్కడా ఆనలేదు. మెకానిక్ రెండు నెలలు కూర్చుని అతికించిన కాగితం మళ్లీ చిరిగింది.

కొలిచాను. ఒకసారి కాదు, ఆరుసార్లు. మీరు రాసింది ఇరవై ఎనిమిదిన్నర, నేను కోసింది ఇరవై ఎనిమిదిన్నర. స్పీకరు అంచుతో కలిపి ఇరవై దాటి ఒక వేలెడు లేదు. మామయ్యా, నాకు అనుమానం వచ్చింది. రాశాను కూడా. మీరు దానికి ఒక్క ముక్క జవాబివ్వలేదు. బీరువా కథ ఒక పేజీ రాశారు.

ఇది ఎవరి కోసమో కూడా చెప్పేస్తాను, ఇంక దాచి లాభమేముంది. అమ్మకి వినపడటం లేదు. రెండేళ్లుగా తగ్గుతూ వచ్చింది. చెవిలో పెట్టుకునే మిషను కొంటే, గిర్రుమంటోందని సొరుగులో పడేసింది. చిన్న రేడియోని చెవికి ఆనించుకుని ఇల్లంతా తిరుగుతుంది. పోయిన నెల పొయ్యి పక్కన పెట్టుకుంటే దాని మూల కరిగిపోయింది. అయినా అదే పెట్టుకుంటుంది. నేను పిలిస్తే పలకదు, గట్టిగా పిలిస్తే అరుస్తున్నావంటుంది. అందుకని పిలవడం మానేశాను. నాన్న ఎప్పుడూ మాట్లాడేవాడు కాదు. ఇప్పుడు మా ఇంట్లో ముగ్గురం ఉండి కూడా సాయంత్రం ఆరు నుంచి గోడ గడియారం ఒక్కటే మాట్లాడుతోంది. మంచి చెక్కపెట్టెలో పెద్ద స్పీకరు పెట్టి ఆ రేడియోకి తగిలిస్తే వంటింట్లో నిలబడి వార్తలైనా వింటుందని నా ఆశ. మీకు ముందే చెబితే చెయ్యనంటారని భయపడ్డాను.

ఇప్పుడు మా ఇంట్లో మీ కొలతలతో వచ్చినవి రెండున్నాయి. రెండింటికీ కొలత కుదరదు, సందులో పడిపోయేవి పడిపోతాయి. అమ్మ ఆ రోజు అన్న మాట తప్పని నేను ఇన్నాళ్లూ అనుకునేదాన్ని.

మీ మేనకోడలు

ఫిబ్రవరి 27

అమ్మాయికి,

నలభై పెట్టెలకి సరిపోయిన అంకె నీ ఒక్కదానికీ సరిపోలేదంటే తప్పు అంకెది కాదు. నోటుబుక్కు మళ్లీ తీశాను. ఇరవై ఎనిమిదిన్నర అనే ఉంది. మీ తాతయ్య చేతిరాత. ఆయన తప్పు రాశాడని కూడా అంటే అను, ఆయన వచ్చి చెప్పుకోలేడు.

ఎవరి కోసమో చెప్పకుండా నాచేత పని చేయించావు. రేపు ఆ పెట్టె మీద కూడా చుట్టాల్ని పిలిచి మాట అనిపించుకోవాలి నేను. ఇంక నాకు రాయొద్దు.

మీ అమ్మకి పోయింది ఏ చెవి, కుడిదా ఎడమదా? నాది కూడా మొదట ఫోను గంట వినిపించడం మానేసింది. తర్వాత పిల్లల మాటలు. మొగవాళ్ల మాటలు చివరిదాకా వినిపిస్తాయి. ఎదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడు, అరవకు. అరిస్తే అసలు అర్థం కాదు.

మామయ్య

మార్చి 8

తమ్ముడికి,

అక్క రాస్తున్నాను. కుడిదే పోయింది. ఇద్దరం ఆ పెద్ద రంపానికి ఒకే వైపు నిలబడేవాళ్లం కదా.

నీ ఉత్తరం వచ్చిన రోజు పిల్ల షాపు నుంచి వచ్చి, అన్నం తినకుండా ఆ పెట్టెకి వీపు ఆనించి కూర్చుని ఏడ్చింది. ఎందుకే అంటే చెప్పలేదు. మర్నాడు వాన పట్టింది. మీ బావగారు గొడుగు అడిగితే బీరువా పక్క సందులో చీపురు పెట్టి లాగాను. గొడుగుతో పాటు నీ ఉత్తరం వచ్చింది. మొదటిది, అంకెలున్నది. నీ చేతిరాత చూసి అక్కడే నేల మీద కూర్చుని చదివాను. గట్టిగా అడిగితే పిల్ల నీ మిగతా ఉత్తరాలు కూడా తెచ్చి చూపించింది.

ఎనిమిదంగుళాల స్పీకరుకి బెజ్జం పద్దెనిమిదిన్నర. నేను ఎన్ని కోశానో నీకు తెలుసు. కళ్లు మూసుకుని కూడా చెబుతాను. నువ్వు ఇరవై ఎనిమిదిన్నర అని రాశావు. ముందు నవ్వొచ్చింది. నాన్న చెక్క స్కేలు మొదలు విరిగిపోయి మొదటి గీతలు కనిపించేవి కావు. పది గీత దగ్గర పెట్టి కొలిచేవాళ్లం. స్కేలు మీద ఏ అంకె కనిపిస్తే అదే చెప్పేవాళ్లం, అదే నోటుబుక్కులో రాసేవాళ్లం. కోసేవాడు కూడా పది దగ్గరే మొదలుపెడతాడు కాబట్టి ఎప్పుడూ తేడా రాలేదు. నువ్వు ఇప్పటికీ కొత్త టేపుని కూడా పది దగ్గరే పెట్టి కొలుస్తుంటావు. అలా చేస్తున్నావని నీకే తెలియదు. ఈ పిల్ల పాపం సున్నా నుంచి కొలిచింది. ప్రతి పలకా పది పెరిగింది. అన్నీ ఒకేలా పెరిగాయి కాబట్టి పెట్టె చక్కగా కుదిరింది, స్పీకరు మాత్రం పెరగలేదు. చెక్క చాలలేదంటే ఎందుకు చాలుతుంది.

తర్వాత ఆ సందు వంక చూశాను. నవ్వు పోయింది. టేపు తెచ్చి కొలిచాను. పది. పైన కొలిచాను. పది.

బీరువా కొలతల ఉత్తరం రాసింది నేనే. కొలిచింది నేను కాదురా. మీ బావగారు స్టూలెక్కి, ఆఫీసు టేపుతో సున్నా నుంచి కొలిచి, పైనుంచి అంకెలు చెబుతుంటే నేను రాశాను. వెడల్పు నూట పది అని రాశాను. నా చేతిరాత చూసి నువ్వు మన షాపు లెక్క అనుకున్నావు. నీ చేతిలో అది వంద అయింది. నువ్వు చెక్క మిగుల్చుకోలేదు. నేను కొలత తప్పు రాయలేదు. ఇది మీ బావగారికి చెబితే, ‘నేను సరిగ్గానే కొలిచాను కదా’ అని పేపరు తిరగేశారు. ఆయన మాట నిజమే. అదే నా ఒళ్లు మండించింది.

ఇరవై మంది ముందు ఆ మాట అన్నది మాత్రం నేనే. దానికి స్కేలుని అనలేను. ఒక్కసారి గూడు కొలుచుకుని చూద్దామని నాకు తోచలేదు, నీకూ తోచలేదు. పట్టుమని పది సెంటీమీటర్లు. దానికి నీ పిల్లల పెళ్లిళ్లకి నేను రాలేదు, అమ్మ పోయినప్పుడు ఇద్దరం చెరో మూల నిలబడ్డాం. తలుచుకుంటే నీ మీద ఎంత కోపం వస్తోందో నా మీద అంతకంటే ఎక్కువ వస్తోంది. పిల్లకి ఏమీ తెలియదు, దాన్ని తిట్టావు. రేపే దానికి ఉత్తరం రాయి.

పెట్టె పారేయనివ్వలేదు. పిల్ల రెండోసారి డిపో నుంచి తెచ్చిన చెక్కలో మిగిలినదాంట్లోంచి పలక ఒకటి తీసి, దాన్లో పద్దెనిమిదిన్నరకి బెజ్జం కోసి, ముందుపలకకి లోపలినుంచి బిగించాను. నలభై ఏళ్ల తర్వాత రంపం పట్టాను. రంపం గీత దాటలేదు. పిల్ల నోరు తెరుచుకుని చూస్తూ నిలబడింది. స్పీకరు కాగితం పిల్లే అతికించింది, మెకానిక్ కంటే శుభ్రంగా. పెట్టె పెద్దదవడం కూడా మంచిదే అయింది, గొంతు నిండుగా వస్తోంది. నిన్న పొయ్యి దగ్గర నిలబడి వార్తలు మొత్తం విన్నాను. ఒకాయన వాతావరణం చెప్పాడు. ఆయన ఏం చెప్పినా నాకు ఏడుపే వచ్చింది.

నువ్వు ఇక్కడికి రావాలి. ఉత్తరాల్లో ఇంక ఏ కొలతా వద్దు, మనకి అది అచ్చిరాలేదు. ఈ ఒక్కటి మాత్రం రాస్తున్నాను. బీరువా పక్క సందుకి నిలువుపలక ఒకటి కావాలి. చేసి తెచ్చి నీ చేత్తో బిగించు. ఈసారి కొలిచింది నేనే, రాసింది నేనే, నాన్న స్కేలు లెక్కలోనే రాస్తున్నాను.

వెడల్పు ఇరవై.

అక్క